జిల్లాలో రెండో లాంచింగ్ కేంద్రం

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఆనాటి నుంచి మనకు లాంచింగ్ కేంద్రాలు రెండు. ఒకటి సముద్రం ఒడ్డున ఉంది, అక్కడ రాకెట్టు కౌంట్‌డౌన్ సున్నాకు వచ్చాకే లేస్తుంది. రెండోది తిరుపతి ఊళ్ళోని లీలామహల్ సర్కిల్. ఇక్కడ సిగ్నల్ అంకె ఇంకా మూడు మీద ఉండగానే కుర్రాళ్ళు బైకులతో లేస్తారు. మొదటిదాని గురించి పేపర్లు రాస్తూనే ఉన్నాయి. రెండోదాన్ని పట్టించుకున్న నాథుడు లేడు కాబట్టి ఆ భారం నేను నెత్తికెత్తుకున్నాను.

మన కుర్రాళ్ళ నమ్మకం ఏమిటంటే, లాంచింగ్, అంటే ఆగిన బండిని ఒక్క ఊపున ముందుకు దూకించడం, సైలెన్సర్‌లో పుడుతుందని. కాదు, వెనక సస్పెన్షన్‌లో పుడుతుంది. బండి ముందుకు దూకగానే బరువు వెనక్కి జరుగుతుంది. బరువు కేంద్రం ఎంత ఎత్తున ఉంటే అంత ఎక్కువ, రెండు చక్రాల మధ్య దూరం ఎంత పెరిగితే అంత తక్కువ జరుగుతుంది. ఆగిన చోటి నుంచి తిన్నగా దూసుకుపోయే పందెమైన డ్రాగ్ రేసులో కారుకి ఆ బరువే వరం. వెనక టైరు మీద భారం పడితేనే అది రోడ్డుని కరుస్తుంది. బైకుకి అదే శాపం. ముందు చక్రం గాల్లోకి లేస్తుంది, లేచాక థ్రాటిల్ వదలాలి, వదిలితే రేసు పోయినట్టే. అందుకే అసలైన డ్రాగ్ బైకు నేలబారుగా ఉంటుంది. వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ పొడుగ్గా సాగుతుంది, ముందు ఫోర్కుల్ని బెల్టు వేసి కిందికి బిగించి కడతారు.

మనవాళ్ళు ఏం చేస్తారు? వెనక షాకబ్జార్బర్లకి ఇనప ముక్క తగిలించి తోకను ఆకాశానికి లేపుతారు. వెనక కూర్చున్నవాడు జారిజారి ముందువాడి వీపుకి అతుక్కుపోతాడు. అంతటితో ఊరుకోరు, స్ప్రింగుని చివరిదాకా బిగిస్తారు.

"ఏందన్నా, వెనక ఇంత టైట్ చేసినావు?" అని ఒక మెకానిక్‌ని అడిగాను.

"పిలకాయలు అడిగినారు సార్. మెత్తగా ఉంటే పికప్ రాదంట."

స్ప్రింగు మరీ బిగిస్తే టైరు గతుకు మీద ఎగురుతుంది, ఎగిరిన టైరుకి పట్టు ఉండదు. కిందికి ఎంత వేగంగా కుంగాలి, తిరిగి ఎంత నెమ్మదిగా లేవాలి అన్నదాన్ని ఒక్కో క్లిక్కు తిప్పుతూ సరిచూసుకునేవాళ్ళు ప్రపంచంలో ఉన్నారు. అయితే న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. ఇక్కడ బండి వంద సీసీ, అందులో గుర్రాలు ఎనిమిది, ఎక్కినవాళ్ళు ముగ్గురు. టైరు జారాలన్నా, చక్రం లేవాలన్నా ముందు ఆ ఇంజనుకి అలాంటి కోరికంటూ పుట్టాలి కదా!

ఈ విద్యలో నిజమైన పండితులు చిత్తూరు వైపు ఉన్నారు. చెరకు లోడు ట్రాలీ తగిలించుకున్న ట్రాక్టరు మిట్ట ఎక్కేటప్పుడు ముందు చక్రాలు రెండూ లేపి ఆకాశానికి దండం పెడుతుంది. అంత బరువు వెనక్కి జరపడానికి అమెరికా వాళ్ళు లక్షలు పోస్తున్నారు. తోతాపురి కాలంలో బంగారుపాళ్యం వైపు పోయే పికప్ వ్యాన్లు చూడండి. కమాన్ కట్టలున్న బండికి గట్టిగా యాక్సిలరేటర్ ఇస్తే ఆక్సిల్ తొడుగు చక్రానికి ఎదురు తిరగాలని చూస్తుంది, ఆ పట్టీలు మెలిక తిరిగి ఒక్కసారిగా విదిలించుకుంటాయి, టైరు గంతులేస్తుంది. రేసువాళ్ళు దానికి అడుగున ట్రాక్షన్ బార్లు, అంటే ఆ మెలికను ఆపే కడ్డీలు బిగిస్తారు. మనవాళ్ళు ఇంకో రెండు పట్టీలు వేయిస్తారు. కాయల బరువు ఆపడానికే లెండి, కానీ శాస్త్రం ఉద్దేశాలు అడగదు.

ఇంకో రహస్యం ఉంది. వెనక గట్టి ఆక్సిల్ ఉన్న కారు లాంచ్ అయినప్పుడు ఇంజను మెలిపెట్టే శక్తికి కుడి వెనక చక్రం తేలికవుతుంది. అందుకని రేసుగాళ్ళు ఆ పక్క స్ప్రింగులో గాలి సంచి పెట్టి సరిచేస్తారు. మన షేర్ జీపు డ్రైవరుకి గాలి సంచితో పనిలేదు. లావుపాటి మనిషిని చూసి "రొంత ఆ పక్కకి జరుగన్నా" అంటాడు, పని అయిపోతుంది.

ఇంతకీ ఈ విద్య తిరుపతికే ఎందుకు తగింది? డ్రాగ్ రేసు మామూలుగా పావు మైలు, అంటే 1,320 అడుగులు. కానీ దాని తలరాత మొదటి 60 అడుగుల్లోనే రాసేస్తారు. అక్కడ పదో వంతు సెకను మిగిలితే చివర్లో అది ఒకటిన్నర, రెండు రెట్లవుతుందని లెక్క. మనకు మిగతా 1,260 అడుగుల్లో యాత్రికుల బస్సు, ఆటో స్టాండు, దారికడ్డంగా నింపాదిగా నిలబడిన ఆవు ఉంటాయి. కాబట్టి ఆ 60 అడుగులే మన రేసు.

నిజంగా మోజున్నవాళ్ళకి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ ఉంది. కానీ అక్కడ మన వీధి అమ్మాయిలు చూడరు, మన వీధి పెద్దలు తిట్టరు, పైగా బండిని తనిఖీ చేసి హెల్మెట్ పెట్టుకోమంటారు. అంత అవమానం ఎవరు పడతారు? ఇక్కడైతే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ఒక్కటే అడ్డం. రోడ్డు మీద రేసు పెడితే మొదటిసారికి మూడు నెలల దాకా జైలు లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. బండి రూపం మారిస్తే 52వ సెక్షన్ వేరే ఉంది.

కార్పొరేషన్ వారికి నా విన్నపం: ప్రయోగ ఫలితాలు కొలుచుకోవడానికి సర్కిల్లో 60 అడుగుల దూరాన ఒక తెల్ల గీత గీయించండి. గీత పడాల్సిన చోట ప్రస్తుతం ఒక పానీపూరీ బండి ఉంది. దాన్ని జరపమని నేను అడగను, సాయంత్రం అక్కడే తింటాను.