ముక్కుసూటి చరిత్ర

పురాతత్వ శాస్త్రం అనవసరంగా ఖరీదైపోయింది. కార్బన్ డేటింగ్ అంటారు, మట్టి పొరలంటారు, ఒక్కో కుండపెంకుకీ నంబరు వేసి ఏళ్ల తరబడి లెక్కలు కడతారు. ఇంత టెన్షన్ దేనికి? ఒక పెన్సిల్, ఒక ముక్కు ఉంటే చాలని 1871లోనే రుజువైంది. ఆ పద్ధతికి దక్కాల్సిన గౌరవం దక్కలేదన్న బాధతోనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఆ ఏడాది కార్ల్ మౌఖ్ అనే జర్మన్ అన్వేషకుడు ఇప్పటి జింబాబ్వేలో కొన్ని రాతి శిథిలాల దగ్గరికి చేరుకున్నాడు. ఇవాళ గ్రేట్ జింబాబ్వే అంటున్న చోటు అదే. సున్నం, అడుసు ఏమీ లేకుండా గ్రానైట్ రాళ్లను వరసగా పేర్చుకుంటూ పోయిన గోడలు. పెద్ద ప్రాకారం చుట్టుకొలత దాదాపు 250 మీటర్లు, ఎత్తు కొన్నిచోట్ల 11 మీటర్లు. చుట్టూ షోనా భాష మాట్లాడే జనం ఉన్నారు. మామూలు మనిషైతే వీళ్ల తాతముత్తాతలే కట్టి ఉంటారని అనుకుని ఊరుకునేవాడు. మౌఖ్ అంత తేలిగ్గా లొంగే రకం కాదు. గుమ్మం మీది దూలం నుంచి చిన్న చెక్కపేడు తీసి చూశాడు. అచ్చం తన పెన్సిల్ వాసన! పెన్సిల్ దేవదారు కర్ర. దేవదారు పెరిగేది లెబనాన్‌లో. అక్కణ్ణుంచి ఇంత దూరం మోసుకొచ్చే ఓపిక ఆ తీరాన ఉండే ప్రాచీన ఓడవర్తకులు ఫినీషియన్లకు తప్ప ఎవరికుంది? ఎవరి కోసం మోశారు? సొలొమోను రాజును చూడబోయిన షేబ దేశపు రాణి కోసం. అయిపోయింది. గుమ్మంలో నిలబడి వాసన చూసినవాడు గడప దాటేలోపు బైబిల్ కాలానికి వెళ్లిపోయాడు.

గిట్టనివాళ్లు రెండు లోపాలు ఎత్తిచూపుతారు. మొదటిది, ఆ దూలం దేవదారు కాదు, ఆ ప్రాంతంలోనే పెరిగే టాంబోటి అనే చెట్టుది. పోనివ్వండి, చెట్టు దగ్గర పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. రెండోదే కాస్త ఇబ్బంది. అప్పట్లో మేలురకం పెన్సిళ్లను ఎక్కువగా అమెరికాలో పెరిగే ఒక జునిపర్ చెట్టు కర్రతో చేసేవాళ్లు. దానికీ లెబనాన్‌కీ ఏ సంబంధమూ లేదు. అంటే మౌఖ్ పద్ధతిని తు.చ. తప్పకుండా పాటిస్తే గ్రేట్ జింబాబ్వేను కట్టింది అమెరికావాళ్లని తేలాలి. ఈ దిశగా ఎవరూ పరిశోధన చేయకపోవడం విచారకరం.

ముక్కు తర్వాత కావలసిన పరికరం పార. 1890లో బ్రిటిష్ వలసవాది సెసిల్ రోడ్స్ కంపెనీ ఆ నేలను చేజిక్కించుకుంది. పరాయి నేలలో కాలుపెట్టినవాడికి ఎక్కడో ఒక మూల చిన్న మొహమాటం ఉంటుంది కదా. వేల ఏళ్ల కిందట ఉత్తరం నుంచి వచ్చిన వాళ్లే ఇక్కడ నగరాలు కట్టారని తేలితే ఆ మొహమాటం కాస్తా పోతుంది. ఆక్రమణ అన్న మాట పోయి తిరిగి రావడం అన్న మాట వస్తుంది. షేబ రాణి కథ అంటే అప్పటికి భూమి పట్టా అన్నమాట. అందుకే మరుసటి ఏడాది థియొడోర్ బెంట్ అనే ఆయన తవ్వకాలకు వెళితే రోడ్స్ ఖర్చులు సర్దాడు. బెంట్ కూడా ఆఫ్రికావాళ్లను పక్కనపెట్టి, అరేబియా వైపు నుంచి వచ్చిన ప్రాచీన జాతి ఒకటి కట్టిందని తేల్చి, తిన్న ఉప్పుకు న్యాయం చేశాడు.

అసలు ఘనుడు రిచర్డ్ హాల్. 1902లో ఆయన్ను శిథిలాల సంరక్షకుడిగా పెట్టారు. ఆయన సంరక్షణ ఎలా సాగిందంటే, ఆఫ్రికావాళ్లు అక్కడ కాపురమున్నప్పుడు పోగైన మట్టీ, పెంకులూ, ఇళ్ల నేలలూ చెత్త అని చెప్పి, కొన్నిచోట్ల 12 అడుగుల లోతు దాకా తవ్వి బయట పారబోయించాడు. ఆ చెత్త కింద ఫినీషియన్లు దాక్కుని ఉంటారని నమ్మకం. తీరా చూస్తే వాళ్లు లేరు. ఉన్నవాళ్ల ఆనవాళ్లేమో కుప్పల్లో కలిసిపోయాయి. ఆయన్ను రెండేళ్లలో తీసేశారు. ఎవరు కట్టారో చెప్పగల సాక్ష్యాన్నే ఊడ్చేశాక ఆ ప్రశ్న ఎప్పటికీ తెగదు. తెగని ప్రశ్నంటే ఎంతమందికి ఎన్నేళ్ల ఉపాధి!

ఈ చక్కటి ఏర్పాటును 1905లో డేవిడ్ రాండల్ మెకైవర్ వచ్చి పాడు చేశాడు. మిగిలిన కాస్త మట్టిని పొరలు పొరలుగా చూసి, దొరికిన కుండలూ పనిముట్లూ అక్కడి జనం వాడుతున్న వాటిలాగే ఉన్నాయనీ, కట్టడం మధ్యయుగం నాటిదనీ, పూర్తిగా ఆఫ్రికావాళ్లదేననీ తేల్చాడు. 1929లో గెర్ట్రూడ్ కేటన్ థాంప్సన్ కూడా తవ్వి అదే మాటంది. ఆవిడకు కోపంతో ఉత్తరాలు వచ్చిపడితే వాటిని ‘పిచ్చి’ అని పేరు రాసిన ఫైలులో భద్రంగా దాచుకుందట. శాస్త్రజ్ఞురాలు కదా, దేన్ని ఏ వర్గంలో వేయాలో తెలుసు.

వీళ్లు చెప్పేది మరీ చప్పగా ఉంటుంది. 11వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం వరకు అక్కడ ఒక రాజ్యం నడిచిందట. షోనావాళ్ల పూర్వీకులు గ్రానైట్ కొండల నుంచి పొరలుగా ఊడే రాతిని తెచ్చి పేర్చారట. పశువులు మేపారట. బంగారం, ఏనుగు దంతాలు తూర్పు తీరానికి, కిల్వా వంటి రేవులకు వెళితే, అటునుంచి గాజుపూసలు, పింగాణీ వచ్చేవట. చైనా పింగాణీ నిజంగానే దొరికింది. అయినా చైనావాళ్లు కట్టారని వాదించి పేరు తెచ్చుకున్న పెద్దమనిషి ఎవరూ లేడు. పెన్సిల్ వాసనకిచ్చిన విలువ పింగాణీ గిన్నెకివ్వలేదు.

1965లో రొడీషియాలోని (ఇప్పటి జింబాబ్వేకు అప్పటి పేరు) తెల్లవాళ్ల ప్రభుత్వం స్వతంత్రం ప్రకటించుకున్నాక ఈ విద్య పరిపక్వానికి వచ్చింది. అబద్ధం చెప్పమంటే బావుండదు కాబట్టి, గైడ్ పుస్తకాల్లో అన్ని వాదాలకూ సమానంగా చోటివ్వాలన్నారు. ఎంత న్యాయమైన మాట! ఒక పక్క తవ్వకాలు, ఇంకో పక్క పెన్సిల్. తరాజు సమంగా ఉండాలి. ఈ సమానత్వాన్ని మింగలేక పీటర్ గార్లేక్ అనే పురావస్తు అధికారి 1970లో దేశమే వదిలిపోయాడు. 1980లో ఆ శిథిలాల పేరే దేశానికి పేరైంది. అక్కడ దొరికిన సబ్బురాయి పక్షి జెండా మీదికెక్కింది. అలాంటి పక్షుల్లో ఒకటి అప్పటికి రోడ్స్ ఇంట్లో అలంకారంగా ఉంది. ఫినీషియన్లు కట్టిన చోటి నుంచి తెచ్చుకున్నది కాబట్టి అది దొంగతనం కిందికి రాదు.

ఈ విద్య ఒక్కచోటే ఆగలేదు. 1910లో నైజీరియాలోని ఇఫేలో అద్భుతమైన శిల్పాలు చూసిన లియో ఫ్రొబేనియస్ అనే జర్మన్ పండితుడు, అవి సముద్రంలో మునిగిపోయిన అట్లాంటిస్‌వాళ్ల పని అన్నాడు. పక్కనే ఉన్న అక్కడి యొరుబా జనం కంటే అసలు లేని దేశం మీద ఆయనకు నమ్మకమెక్కువ.

ఇంత గొప్ప పద్ధతిని ఆఫ్రికాకే పరిమితం చేయడం వివక్ష. పారిస్‌లోని నోత్రదామ్ చర్చి పని 1163లో మొదలైంది, అంటే గ్రేట్ జింబాబ్వే కాలానిదే. లోపలికెళ్లి ఊపిరి పీల్చండి. ధూపం వాసన. ఆ ధూపానికి వాడే బంక సొమాలియా, యెమెన్, ఒమాన్ వైపు పెరిగే చెట్లది. కాబట్టి నోత్రదామ్‌ను సొమాలియావాళ్లు కట్టారు. పారిస్‌వాళ్లు అడ్డొచ్చి ‘అయ్యా, ఇది మా తాతలు కట్టింది’ అనొచ్చు. వాళ్ల అభ్యంతరం మర్యాదగా రాసుకుంటాం. ఆ తర్వాత వాళ్ల బల్లలు, మైనపు చుక్కలు, సమాధులు, ఎముకలు అన్నీ 12 అడుగుల లోతు దాకా తవ్వి బయట పారబోసి, చేతులు దులుపుకుని తీరిగ్గా అడుగుతాం: మీ తాతలు ఇక్కడ ఉన్నట్టు ఆధారమేదీ?