ఓడెక్కాలనుకుంటున్న పోటీ గారికి

తిరుపతి.

మహారాజశ్రీ పోటీ గారికి,

రిటైరయిన ఆర్టీసీ ఘాట్ రోడ్డు డ్రైవరు నమస్కరించి రాసుకునే ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, ఏ చానెల్ పెట్టినా మీ గురించే.

మీకు రుణపడ్డ సంగతి ముందే ఒప్పేసుకుంటాను. సెల్‌ఫోన్ రీచార్జి చవకైందంటే మీ చలవే. తర్వాత మళ్ళీ పెరిగింది, అప్పుడు మీరు ఊళ్ళో లేరని అర్థం చేసుకున్నాం. మా బస్టాండు బయట అయితే మీరు రాత్రింబవళ్ళు డ్యూటీలో ఉంటారు. యాత్రికుడు బస్సు దిగి రెండో కాలు నేల మీద పెట్టకముందే ఒకరు బ్యాగు పట్టుకుంటారు, ఇంకొకరు పిల్లాణ్ణి ఎత్తుకుంటారు. "కొండకా సామీ, కొండకా? ఒక్క సీటే ఉంది, కూర్చోగానే కదిలిపోతాం!" పాపం ఆయన కూర్చుంటాడు. ఆ జీపు అరగంట సేపు బస్టాండు చుట్టూనే ప్రదక్షిణలు చేస్తుంది. స్వామి దర్శనానికి ముందు మీ దర్శనం అన్నమాట.

ఇప్పుడు అసలు సంగతి. మీరు ఓడలు కూడా ఎక్కబోతున్నారట. మా పక్కింటి ఎంబీఏ కుర్రాడు చెప్పాడు. "పోర్టులో పైలట్ సర్వీసంటే పక్కా మోనోపోలీ అంకుల్. నాలుగు కంపెనీలు దిగితే రేటు సగానికి పడిపోతుంది" అన్నాడు. వాడు సముద్రం చూసింది చెన్నై మెరీనాలో, చేతిలో బజ్జీతో.

పైలట్ అంటే మా ఊళ్ళో రేణిగుంట విమానమే గుర్తొస్తుంది. మా అల్లుడు ఓడ పైలట్ అని చెబితే టీ కొట్టాయన "ఓడకు రెక్కలుంటాయా అన్నా?" అన్నాడు. ఓడను సముద్రాలు దాటించేది కెప్టెనే. అయితే రేవు దగ్గరికొచ్చాక ఎక్కడ ఇసుక మేట వేసింది, ఏ వేళకు నీటి లాగుడు ఎటుంటుంది, ఏ మలుపులో గాలి కొడుతుంది అన్నవి ఆయనకు తెలియవు. తెలిసిన లోకల్ మనిషి పడవలో ఎదురెళ్ళి, ఓడెక్కి, దారి చెప్పి లోపలికి తెస్తాడు. మన దేశంలో 1908 నాటి పోర్టుల చట్టం ప్రకారం, అందులోని పైలట్ సెక్షన్ వర్తించే రేవుల్లో 200 టన్నులు, అంతకు మించిన ఓడ పైలట్‌నో హార్బర్ మాస్టర్ అనే రేవు అధికారినో ఎక్కించుకోకుండా కదలకూడదని ఉండేది. 117 ఏళ్ళ తర్వాత, 2025లో ఆ చట్టం పోయి కొత్తది వచ్చింది. పైలట్ ఓడెక్కే నిచ్చెన మాత్రం పాతదే.

దాని గురించి కాస్త చెప్పాలి. సంక్రాంతికి వచ్చినప్పుడు అల్లుడు ఫోన్లో వీడియో చూపించాడు. నల్లటి ఇనుప గోడలాగా ఓడ పక్క. దాని మీదుగా కిందికి వేలాడే తాళ్ళ నిచ్చెన, చెక్క మెట్లు, అడుగున నాలుగు రబ్బరు మెట్లు. ఓడ ఆగదు, నడుస్తూనే ఉంటుంది. కింద పైలట్ పడవ అలకు లేస్తూ పడుతూ ఉంటుంది. పడవ బాగా పైకి లేచిన క్షణంలోనే నిచ్చెన అందుకుని గబగబా ఎక్కేయాలట. దిగిన క్షణంలో పట్టుకుంటే, మళ్ళీ లేచే పడవకూ ఓడకూ మధ్య కాళ్ళు నలిగిపోతాయట. తొమ్మిది మీటర్ల కంటే ఎత్తు ఎక్కాల్సి వస్తే ఉత్త తాళ్ళ నిచ్చెన సరిపోదు, ఓడ మెట్లనూ దానికి జతచేయాలని అంతర్జాతీయ రూలు. తొమ్మిది లోపు అయితే ఉత్త తాళ్ళే. మా ఆవిడ చూసినంత సేపు చూసి, మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"మామా, ఎక్కడం కష్టం కాదు. పైకెళ్ళాక కెప్టెన్‌తో 'కుదరదు' అనడం కష్టం" అన్నాడు అల్లుడు.

ఆ మాట నాకు అర్థమైంది పోటీ గారూ, మీకు అర్థమవుతుందో లేదో. వేరే చోట ఇరవై ఏళ్ళు బస్సు తోలినవాడికైనా కొండ బస్సు తాళం ఊరికే చేతికివ్వరు. నేను సీనియర్ పక్కన కూర్చుని మలుపు మలుపూ నేర్చుకున్నాను. ఒక కార్తీక మాసంలో వాన, మంచు కలిసి పట్టాయి. 1944లో వేసిన పాత రోడ్డు మీదుగా దిగుతున్నాం, ముందు రెండు గజాలు కూడా కనబడలేదు. పక్కకు తీసి ఆపేశాను. వెనక సీట్లోంచి తిట్లు, రైలు పోతుందని గోల. ఒకాయన "ఆ జీపు పోయింది కదా, నువ్వేం డ్రైవరువయ్యా!" అన్నాడు. జీపు పోయింది నిజమే, అతనికి ఇంకో ట్రిప్పు కావాలి. నాకు ఆపినా జీతమే, తోలినా జీతమే. ఆ రోజు నా బ్రేకు మీద కాలేసింది నేనొక్కణ్ణే కాదు, ఆ జీతం కూడా.

ఓడ మీద ఆ తిట్టే ప్యాసింజరు కెప్టెన్. పైలట్‌ని పంపే కంపెనీని వచ్చే నెల పిలవాలా వద్దా అని తేల్చేది ఆయన ఓనరు. పైగా సామెతలాంటి మాట ఒకటి ఉందట, 'ఆర్డర్లు కెప్టెన్‌వి, సలహా పైలట్‌ది' అని. అలాంటి చోట మీరొచ్చి నిలబడితే 'కుదరదు' అనే మాట ఎవరి నోట వస్తుంది?

మీరు లేని చోట అంతా ధర్మరాజులే ఉన్నారని అనను. అమెరికాలో పెన్సిల్వేనియా వాళ్ళు 1803లో ఒక చట్టం చేశారు. లోకల్ పైలట్‌ని పెట్టుకోని ఓడ సగం ఫీజు కట్టాలి, ఆ డబ్బు ముసలి పైలట్లకూ వాళ్ళ కుటుంబాలకూ పోతుంది. టీ తాగకపోయినా సగం కట్టి పొమ్మన్నట్టు! 1852లో సుప్రీంకోర్టు సబబే అంది. లూసియానాలో నది పైలట్లు తమ చుట్టాలనూ దోస్తులనూ మాత్రమే పనిలోకి తీసుకునేవారు. బయటివాళ్ళు కోర్టుకెక్కితే 1947లో అయిదుగురు జడ్జీలు పర్లేదన్నారు, నలుగురు తప్పన్నారు. సర్పంచ్ సీటు భార్యకు, రేషన్ షాపు బావమరిదికి ఇప్పించుకునే మా వైపు పెద్దమనుషులకు ఈ తీర్పు చెబితే ఫ్రేము కట్టించుకుంటారు.

న్యూయార్క్ కథలో అయితే మీకొక మంచిరోజు కూడా ఉంది. 1836 నవంబరులో బ్రిస్టల్, 1837 జనవరిలో మెక్సికో అనే ఓడలు రేవు బయట పైలట్ కోసం సిగ్నళ్ళు ఇచ్చి ఇచ్చి, ఎవరూ రాక తీరానికి కొట్టుకుని పగిలాయి. వలస కుటుంబాలు చలినీళ్ళలో పోయాయి. దాంతో 1837లోనే పక్క రాష్ట్రం న్యూజెర్సీ పైలట్లనూ రానిచ్చారు. అంటే మీరే వచ్చారు. వచ్చి ఏం చేశారు? తెరచాపల మీద పెద్ద నంబర్లు వేసుకున్న పైలట్ పడవలు ఒకదాన్నొకటి దాటుకుంటూ వందల మైళ్ళు సముద్రంలోకి పోయేవి. ముందు ఎవరు అందుకుంటే ఆ ఓడ వాళ్ళది. కొండకా సామీ, కొండకా! చివరికి 1895లో రెండు రాష్ట్రాలవాళ్ళూ పడవలు కలిపేసుకుని వంతులు వేసుకున్నారు.

ఆస్ట్రేలియా వాళ్ళు మిమ్మల్ని 1993లో టోరెస్ జలసంధికి, గ్రేట్ బ్యారియర్ రీఫ్ అనే పగడాల దిబ్బలకి పిలిచారు. లోకంలో అంత సున్నితమైన నీళ్ళు తక్కువ. 2012లో వాళ్ళ రవాణా భద్రతా సంస్థ రిపోర్టు రాసింది: పైలట్ల అలసటను పట్టించుకునే ఏర్పాటు సరిగా లేదు, జరిగిన చిన్నా పెద్దా సంఘటనలు సరిగా బయటికి రావడం లేదు. ఎందుకొస్తాయి? చెప్పుకుంటే బేరం పోతుంది.

'సూయజ్ కాలువలో 2021లో ఎవర్ గివెన్ అనే ఓడ అడ్డంగా ఇరుక్కుని ఆరు రోజులు దారి మూసేసినప్పుడు, దాని మీద కాలువ పైలట్లు ఇద్దరున్నారు కదా' అంటారు మీరు. ఉన్నారు. ఇద్దరు వేర్వేరు కంపెనీలవాళ్ళయి ఉంటే ఓడ నిలువుగా ఇరుక్కునేదా?

రేటు సంగతి మాత్రం గట్టిగా అడగాల్సిందే. ఓడ సైజును బట్టి పైలటేజి, అంటే పైలట్ ఫీజు, వేస్తారు. విదేశీ ప్రయాణానికి డాలర్లలో, మన తీరం వెంబడి తిరిగే ఓడకు రూపాయల్లో. అదే రేవు దారి, అదే పైలట్, అదే నిచ్చెన. పెద్ద రేవుల టారిఫ్ చూడటానికి 1997లో పెట్టిన అథారిటీ ఉండేది. 2021 చట్టంతో అది పోయి, ఇప్పుడు ఏ రేవు బోర్డు రేటు అదే వేసుకుంటుంది. అక్కడ మీకు చోటు లేదని ఎవరన్నారు? మా చిత్తూరు తోతాపురి గుజ్జు డ్రమ్ములు చెన్నై గేటు నచ్చకపోతే కాట్టుపల్లికి పోతాయి, అదీ నచ్చకపోతే కృష్ణపట్నం. రేవుకూ రేవుకూ మధ్య మీరు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునే ఉన్నారు. ఆ కుర్చీ మీదే ఉండండి, కావాలంటే ఫ్యాను కూడా వేయిస్తాం. టెండరు పేరుతో ఎల్-వన్, అంటే అందరికంటే తక్కువ రేటు వేసినవాడు, ఎవరో చూసి పైలట్‌ని నిచ్చెన ఎక్కించేటప్పుడు మాత్రం కాస్త పక్కకు జరగండి.

ఉత్తరం ముగిద్దామనుకుంటుండగా అల్లుడు ఫోన్ చేశాడు. వెనకాల గాలి హోరు. నిచ్చెన మెట్టొకటి పగిలి, తాడు ఒకవైపు నలిగిపోయి ఉందట. ఎక్కకుండా పడవ వెనక్కి తిప్పించాడు. ఓడ బయటే ఆగి ఉంది. ఓడ ఏజెంటు గంటకెంత నష్టమో లెక్క చెబుతూ అరుస్తున్నాడట.

"ఏమన్నావప్పా?" అని అడిగాను.

"నిచ్చెన మార్చండి, వస్తాను అన్నా మామా. టిఫిన్ తింటున్నా."

చుట్టుపక్కల ఇంకో కంపెనీ పడవ ఉందా అని కూడా అడిగాను. లేదన్నాడు.

ఇట్లు,
మీ పాత ప్రయాణికుడు,
ఘాట్ రోడ్డు డ్రైవరు (రిటైర్డ్), తిరుపతి