ముగ్గు పోసే ముందు ఎవరెవరిని అడగాలి?

నెల్లూరులో ఇళ్ల స్థలాన్ని ఇప్పటికీ అంకణాల్లోనే లెక్కపెడతారు. అంకణం అంటే 72 చదరపు అడుగులు. పాతిక అంకణాల స్థలం కొని, లైసెన్సు ఉన్న ఇంజినీరు చేత ప్లాను గీయించి, ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి అనుమతి పత్రం తెచ్చుకున్న మనిషి మరునాడే పురోహితుణ్ణి ముహూర్తం అడుగుతాడు. మేస్త్రీ ముగ్గు పోస్తాడు, పొక్లెయిన్ వస్తుంది. ఇక అడగాల్సిన వారెవరూ లేరని ఇంటిల్లిపాదీ నమ్ముతారు.

ఈ నమ్మకమే నెల్లూరు, ప్రకాశం – మన రెండు జిల్లాల్లో ఎన్నో కుటుంబాలను ముంచుతోంది. ప్లాను అనుమతి చెప్పేది ఒక్కటే: గీసిన బొమ్మ భవన నిబంధనలకు సరిపోయిందని. చుట్టూ వదలాల్సిన జాగా, ఎత్తు, ముందున్న రోడ్డు వెడల్పు వంటివి చూసి ముద్ర వేస్తారు. ఆ స్థలం మీదేనని కూడా ఆ కాగితం పూచీ పడదు. నేల కింద నీరు, నెత్తి మీద తీగ, పక్కన గోడ, వెనుక కాలువ – వీటి సంగతి వేర్వేరు చట్టాల్లో, వేర్వేరు కార్యాలయాల్లో ఉంది.

నాకు బాగా దగ్గరగా తెలిసిన ఉదాహరణ పక్కింటి గోడ. నెల్లూరులో మూలపేట, రంగనాయకులపేట వంటి పాత పేటల్లో ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి చేయి వేసినట్టు ఉంటాయి. రెండిళ్లకూ ఒకే ఉమ్మడి గోడ ఉన్నవీ ఉన్నాయి. మూలపేటలో మా మేనత్త ఇంటి పక్క స్థలంలో పాత ఇల్లు పడగొట్టి, పిల్లర్ల కోసం ఆరడుగుల లోతున గుంతలు తీశారు. రెండు రోజులు వాన పడింది. మూడో రోజు ఉదయానికి అత్త వంటగది గోడ నిలువునా బీటలు వారింది. వెళ్లి అడిగితే ఆయన అనుమతి పత్రం తెచ్చి చూపించారు. ఆయన అబద్ధం ఆడలేదు. పత్రం సక్రమమైనదే. అందులో పక్క గోడ మాటే లేదు, అంతే.

చట్టంలో మాత్రం ఆ మాట ఉంది. పక్కవారి స్థలం మీద మనకుండే హక్కులను చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం, అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మనకు మొదటినుంచీ వర్తిస్తూ వచ్చింది. సహజ స్థితిలో ఉన్న భూమికి పక్క నేల ఇచ్చే ఆసరా యజమాని హక్కు అని అందులోని ఏడో సెక్షన్ చెబుతుంది. గట్టిగా గమనించాల్సిందేమిటంటే ఆ హక్కు నేలకు, నేల మీద కట్టిన గోడకు కాదు. గోడకు కూడా ఆ ఆసరా హక్కుగా దక్కాలంటే అడ్డంకి లేకుండా ఇరవై ఏళ్లు గడిచి ఉండాలని పదిహేనో సెక్షన్ అంటుంది. ఈ పేటల్లోని పాత గోడలు చాలావాటికి ఆ వయసు ఎప్పుడో దాటింది. అంటే తవ్వేవాడి మీద బాధ్యత ఉంది. కానీ దాన్ని గుర్తు చేసే కార్యాలయం లేదు, నింపాల్సిన ఫారం లేదు. తవ్వకానికి ముందే పక్కింటి వారితో కూర్చుని మాట్లాడుకోవడం, వారి గోడల ఫొటోలు తేదీతో సహా తీసి ఇద్దరూ ఉంచుకోవడం, నష్టం వస్తే ఎవరు బాగు చేయించాలో కాగితం మీద రాసుకోవడం – ఇంతకు మించిన అనుమతి లేదని నేను నమ్ముతాను. అత్త ఇంటి విషయంలో ఆ పని గోడ పగిలాక జరిగింది. ఖర్చు చెరిసగం పెట్టుకున్నారు. నలభై ఏళ్ల ఇరుగుపొరుగు పలకరింపులు మాత్రం ఆగిపోయాయి.

ఇక నీటి సంగతి. మనకు వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. స్థలాలు మాత్రం ఎండాకాలంలో అమ్ముడవుతాయి. ఏప్రిల్‌లో చెరువు బీటలు వారి మైదానంలా కనిపిస్తుంది, కాలువ చిన్న గుంటలా ఉంటుంది. కొనేవాడు కార్తీకంలో ఒకసారి వచ్చి చూడాలి. రాష్ట్ర భవన నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంటే దాదాపు పాతిక ఎకరాలు దాటిన చెరువుకు పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు వదిలిపెట్టాలి. ఆ గీత ఎక్కడుందో చెప్పాల్సింది జలవనరుల శాఖ, రెవెన్యూ శాఖ. ఇంజినీరు తన కంప్యూటర్‌లో గీసేది కాదు. జాఫర్ సాహెబ్ కాలువ, సర్వేపల్లి కాలువ వెంట ఊరు ఎలా ఒత్తుకుంటూ పోయిందో నెల్లూరు వారికి వేరే చెప్పనక్కరలేదు. 2015 నవంబరులోనూ 2021 నవంబరులోనూ నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. రెండోసారి పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయింది.

పాత ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో కథ తిరగబడుతుంది. కనిగిరి వైపు నీరు ముంచదు, అసలు దొరకదు. దొరికినా ఫ్లోరైడు. అక్కడ ఇల్లు మొదలుపెట్టే ముందే బోరు వేస్తారు, ఎందుకంటే కాంక్రీటు తడపడానికి నీరు కావాలి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ప్రకారం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బావి, బోరు తవ్వకూడదు. భూగర్భ జలం అతిగా తోడేశారని ప్రకటించిన గ్రామాల్లో ఆంక్షలు ఇంకా గట్టివి. రిగ్గు బండి కూడా నమోదై ఉండాలి. స్థలంలోని చెట్టు కొట్టాలన్నా ఇదే చట్టం అడ్డు నిలుస్తుంది. ప్లానులో బోరు గుర్తు పెట్టి ఉంటే సరిపోతుందనుకునే వారిని నేను చాలామందిని చూశాను.

తీగల విషయంలో చావులే సాక్ష్యం. ఊచలు పైకి అందించేటప్పుడు తీగ తగిలి కూలీలు పోయిన వార్త మన జిల్లా పేజీల్లో కొత్తదేమీ కాదు. 11 కేవీ తీగకు భవనం నిలువున 3.7 మీటర్లు, పక్కకు 1.2 మీటర్లు ఎడంగా ఉండాలి. ప్లాను కొలతలు గోడకు తీసి, బాల్కనీని రెండడుగులు ముందుకు జరిపితే లెక్క తప్పుతుంది. తీగ జరిపించాలంటే నెల్లూరులో దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థకు (డిస్కం), ఒంగోలులో మధ్య డిస్కంకు దరఖాస్తు పెట్టి, అంచనా మొత్తం మనమే కట్టాలి. ఇది స్లాబు వేశాక మొదలుపెట్టే పని కాదు.

సముద్రం ఒడ్డున తప్పు చేస్తే దిద్దుకునే వీలే ఉండదు. మైపాడు, కొత్తపట్నం తీరాల్లో అతిథి గృహాలు కట్టాలనుకునే వారు పెరుగుతున్నారు. పోటు నీరు చేరే గరిష్ఠ గీత నుంచి 500 మీటర్ల దాకా తీర నియంత్రణ జోన్ (సీఆర్‌జెడ్) నిబంధనలు ఉంటాయి. కేరళలో కొచ్చి పక్కన మరడులో 2006లో స్థానిక పంచాయతీ ఇచ్చిన అనుమతులతోనే అపార్టుమెంట్లు లేచాయి. తీర అనుమతి లేదని 2019లో సుప్రీంకోర్టు కూల్చివేతకు ఆదేశించింది. 2020 జనవరి 11, 12 తేదీల్లో నాలుగు సముదాయాలు నేలమట్టమయ్యాయి. కొన్నవారి చేతిలో ఉన్నది దొంగ కాగితం కాదు, చాలని కాగితం.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. రైల్వే సరిహద్దుకు 30 మీటర్ల లోపయితే రైల్వే నిరభ్యంతర పత్రం కావాలి. పదహారో నంబరు జాతీయ రహదారి మీదకు దారి తీసుకోవాలంటే రహదారుల అధికారుల అనుమతి కావాలి. 18 మీటర్లు దాటిన నివాస భవనానికి, 15 మీటర్లు దాటిన వాణిజ్య భవనానికి అగ్నిమాపక శాఖ అనుమతి కావాలి. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా అమ్మకానికి ముందే స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదు చేయాలి. భూమి రిజిస్ట్రేషను నిషేధించిన 22ఏ జాబితాలో గానీ, పాత రికార్డుల్లో యజమాని పేరు బదులు చుక్కలు పెట్టిన చుక్కల భూముల చిక్కులో గానీ ఉందేమో చూసుకోవడం వీటన్నిటికంటే ముందు పని.

ఇన్ని గడపలు తొక్కడం సామాన్యుడి వల్ల అవుతుందా? కాదు. అందుకే తప్పంతా కట్టేవాడిదే అనడం నాకు ఇష్టం లేదు. ఎక్కువ ఎత్తు లేని భవనాలకు ఇప్పుడు స్వీయ ధ్రువీకరణ పద్ధతి వచ్చింది. కాగితం త్వరగా వస్తుంది, మంచిదే. కానీ త్వరగా వచ్చే కాగితం మీద బాధ్యత మొత్తం యజమాని సంతకం కిందికి జారుతుంది. ప్రభుత్వం దగ్గర సర్వే నంబర్లు ఉన్నాయి, చెరువుల పటాలున్నాయి, తీర పటాలున్నాయి, విద్యుత్తు తీగల పటాలున్నాయి. ఈ సర్వే నంబరుకు జలవనరుల శాఖ పత్రం అవసరం, ఈ స్థలం మీద 11 కేవీ తీగ ఉంది, ఈ గ్రామంలో కొత్త బోరుకు ఆంక్ష ఉంది అని ప్లాను అనుమతి పత్రం వెనుక వైపున ముద్రించి ఇవ్వడానికి కొత్త చట్టమేమీ అక్కరలేదు. నెల్లూరు, ఒంగోలు పట్టణాభివృద్ధి సంస్థలు (నుడా, ఒడా) ఆ పనిని ఈ రెండు జిల్లాల్లోనే మొదలుపెట్టవచ్చు.

దీన్ని వాయిదా వేసే వ్యవధి కూడా లేదు. పూర్తయిన భవనానికి నివాసయోగ్యతా పత్రం చూశాకే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వాలని, బ్యాంకులు రుణం ఇచ్చే ముందు అదే పత్రం చూడాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్నాళ్లూ ఏదో ఒక అనుమతి లేకపోయినా గృహప్రవేశం చేసి, తరువాత అపరాధ రుసుము కట్టి సర్దుకున్నవారు ఇకముందు ఇల్లు కట్టుకుని కూడా చీకట్లో కూర్చోవాల్సి రావచ్చు.