ముక్కలు చూసి ఆడేవాడితో పోటీ

నిజం మ్యాచ్‌లో ఆడేవాళ్లతో ఫోన్‌లో సొంత టీమ్ కట్టి, వాళ్ల ఆటను బట్టి వచ్చే పాయింట్ల మీద డబ్బు పెట్టి పోటీపడేది ఫాంటసీ క్రికెట్. దాని మీద మన దేశంలో ఇన్నేళ్లు జరిగిన వాదనంతా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. అది నైపుణ్యమా, అదృష్టమా? కోర్టుల్లో అదే, టీవీ చర్చల్లో అదే. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చి డబ్బు పెట్టి ఆడే ఆటలన్నిటినీ మూసేసింది. నైపుణ్యమైనా అదృష్టమైనా మాకొకటే అంది తప్ప, అసలు ప్రశ్న జోలికి అదీ పోలేదు. ఆడేవాళ్లలో ఎవరికి ఏం తెలుసు, మిగతావాళ్లకంటే ఎంత ముందు తెలుసు? నన్నడిగితే న్యాయం, అన్యాయం తేలేది ఇక్కడే.

ఐపీఎల్ రోజుల్లో సాయంత్రం ఏడింటికి నల్లగొండ హాస్టళ్లలో, జడ్చర్ల టీ కొట్ల దగ్గర ఏం జరిగేదో పాఠకులకు నేను చెప్పక్కర్లేదు. మన తెలంగాణలో ఇది 2017 నుంచే నిషేధం. అయినా లొకేషన్ మార్చే యాప్ ఒకటి వేసుకుని టీమ్ పెట్టేవాళ్లు. పక్కన కర్ణాటక కూడా నిషేధం తెచ్చింది కానీ, 2022 ఫిబ్రవరిలో అక్కడి హైకోర్టు దాన్ని కొట్టేసింది. దాంతో కృష్ణా నదికి ఇవతల మక్తల్‌లో నేరం, అవతల రాయచూరులో నైపుణ్యం. ఇదీ మన చట్టాల తీరు.

ఇక ఆట లోపలికి వెళ్దాం. పదకొండు మందిని ఎంచుకోవాలి. కెప్టెన్‌కు రెట్టింపు పాయింట్లు, వైస్ కెప్టెన్‌కు ఒకటిన్నర రెట్లు. బాగా ఆడేవాడిని పట్టుకుంటే గెలుస్తామని మన పిల్లలు అనుకునేవాళ్లు. చిన్న పోటీల్లో అది కొంతవరకు నిజం. లక్షల టీములు దిగే గ్రాండ్ లీగ్‌లో మాత్రం లెక్క వేరు.

ఉప్పల్‌లో మ్యాచ్ అనుకోండి. పది లక్షల టీములు దిగాయి. అందులో ఏడు లక్షల టీములకు ఒకే ఓపెనర్ కెప్టెన్. అతను సెంచరీ కొడితే ఏడు లక్షల మందీ కలిసి పైకి పోతారు, వాళ్లలో వాళ్లకు తేడా ఏమీ రాదు. అతను రెండో బంతికే అవుటైతే ఏడు లక్షల టీములూ ఒక్కసారిగా మునుగుతాయి. ఇంకొకరిని కెప్టెన్ చేసినవాడు ఒక్క ఓవర్‌లో లక్షల మందిని దాటేస్తాడు. అంటే పెద్ద బహుమతి దక్కాలంటే ఎవరు బాగా ఆడతారో తెలిస్తే చాలదు, మిగతావాళ్లు ఎవరిని ఎంచుకున్నారో తెలియాలి. టీములు లాక్ కాకముందు, అంటే ఇక మార్చుకోవడానికి వీల్లేని గడువు రాకముందు, ఆ లెక్క ఎక్కడుంటుంది? కంపెనీ సర్వర్‌లో. ఇంకెక్కడా ఉండదు.

దేవరకొండ కుర్రాడు పిచ్ రిపోర్టు చదువుతాడు, పాత స్కోర్లు చూస్తాడు, వాతావరణం కూడా చూస్తాడు. అంతా చూశాక కూడా ఆ ఒక్క అంకె అతనికి కనిపించదు. కనిపించే అవకాశం ఉన్నవాడు కూడా అదే పోటీలో దిగితే ఎదుటివాడి ముక్కలు చూసుకుంటూ రమ్మీ ఆడినట్టే.

ఇదేదో నా ఊహ కాదు. 2015లో అమెరికాలో ఇది రచ్చకెక్కింది. అక్కడి ఫాంటసీ ఆటల్లో డ్రాఫ్ట్‌కింగ్స్, ఫ్యాన్‌డ్యుయెల్ రెండూ పెద్ద కంపెనీలు. డ్రాఫ్ట్‌కింగ్స్ ఉద్యోగి ఒకరు తమ పోటీలో ఏ ఆటగాడిని ఎంత శాతం మంది ఎంచుకున్నారో చెప్పే లెక్కను గడువు కంటే ముందే పొరపాటున బయటపెట్టాడు. అదే వారం అతను ఫ్యాన్‌డ్యుయెల్‌లో ఆడి మూడున్నర లక్షల డాలర్లు గెలిచాడు. ఆ లెక్క అతని చేతికి వచ్చేసరికి ఫ్యాన్‌డ్యుయెల్‌లో టీములు లాక్ అయిపోయాయని డ్రాఫ్ట్‌కింగ్స్ పెట్టించిన విచారణ తేల్చింది. అతన్ని నేను తప్పుపట్టడం లేదు. కానీ గొడవ బయటపడగానే రెండు కంపెనీలూ తమ ఉద్యోగులు ఏ ఫాంటసీ సైట్‌లోనూ డబ్బు పెట్టి ఆడకూడదని నియమం పెట్టాయి. అంటే అప్పటిదాకా ఒక కంపెనీవాళ్లు ఇంకో కంపెనీలో హాయిగా ఆడుకుంటున్నారు. లక్షల మంది ఎంపికల లెక్కలు దగ్గర పెట్టుకుని మరీ!

కన్సల్టింగ్ కంపెనీ మెకిన్సే తేల్చిన లెక్క దీనికంటే ఘోరం. 2015 బేస్‌బాల్ సీజన్ మొదటి సగంలో ఫాంటసీ ఆడినవాళ్లు గెలుచుకున్న లాభంలో 91 శాతం కేవలం 1.3 శాతం మందికి పోయింది. వాళ్లేమీ బేస్‌బాల్ పండితులు కాదు. ఒకే పోటీలో సాఫ్ట్‌వేర్‌తో వందల టీములు దించి, చివరి నిమిషంలో ఒక ఆటగాడు తప్పుకుంటే అన్ని టీముల్లోనూ ఒక్క నొక్కుతో పేరు మార్చేయగల ఏర్పాటు ఉన్నవాళ్లు. మన దగ్గర టాస్ ఏడింటికి, మొదటి బంతి ఏడున్నరకు. తుది జట్టు తెలిసేది ఆ అరగంటలోనే. కల్వకుర్తి బస్సులో సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తి పట్టుకున్న డిగ్రీ స్టూడెంట్‌కూ, ఏసీ గదిలో మూడు స్క్రీన్లు పెట్టుకుని కూర్చున్నవాడికీ అదే అరగంట. దీన్ని సమానమైన పోటీ అనడానికి ధైర్యం కావాలి.

క్రికెట్‌లో లోపలి సమాచారం బయటికి పోదనుకుంటే అది అమాయకత్వమే. చెన్నై జట్టు యాజమాన్య కుటుంబానికి చెందిన గురునాథ్ మెయ్యప్పన్ బెట్టింగ్ చేశారనీ, జట్టు సమాచారం బయటికి ఇచ్చారనీ 2014లో సుప్రీంకోర్టు వేసిన ముద్గల్ కమిటీ తేల్చింది. 2015లో లోధా కమిటీ ఆయన మీద జీవితకాల నిషేధం వేసి, జట్టును రెండేళ్లు సస్పెండ్ చేసింది. డగౌట్ పక్కన కూర్చునేవాళ్ల పరిస్థితే ఇది. ఇక టెలిగ్రామ్‌లో ‘పక్కా టీమ్’ అని ఐదు వందలు గుంజే చానళ్ల సంగతి చెప్పడం కూడా దండగ. సగం మందికి ఒక టీమ్, సగం మందికి దానికి విరుద్ధమైన టీమ్ పంపి, గెలిచిన స్క్రీన్‌షాట్ మాత్రం మర్నాడు పెడితే చాలు.

కంపెనీల వాదన తెలిసిందే. మేము మధ్యవర్తులం, ఎవరు గెలిచినా మాకు ఒకటే, మా కమీషన్ మాకు వస్తుంది, క్రికెట్ తెలిసినవాడే గెలుస్తాడు, 2017లో పంజాబ్-హర్యానా హైకోర్టు కూడా ఇది నైపుణ్యమే అంది, మమ్మల్ని మూస్తే జనం విదేశీ బెట్టింగ్ సైట్లకు పోతారు అంటారు. చివరి మాటలో నిజముంది. ఈ రోజుకీ ఆ సైట్ల లింకులు మన ఫోన్లలోకి వస్తూనే ఉన్నాయి. మిగతాది మాత్రం సగం నిజం.

నైపుణ్యం వాదనకు మూలం ఎక్కడుందో తెలుసా? మన సికింద్రాబాద్‌లో. అక్కడి ఒక క్లబ్ మీద పోలీసుల దాడితో మొదలైన కేసులో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీలో ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, వేటిని ఉంచుకోవాలో వేటిని వదలాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యమున్న ఆట అంది. గేమింగ్ కంపెనీల లాయర్లకు ఈ వాక్యం కంఠతా వచ్చు. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. పందెం పెట్టి ఆడే ఆట మీద క్లబ్ యజమాని లాభం తీసుకుంటున్నట్టు రుజువైతే నేరం కిందికి రావచ్చని. ఆ మాట మాత్రం వాళ్ల నోట వినపడదు. ప్రతి పోటీలో ఎంట్రీ ఫీజుల్లోంచి తన వాటా పక్కన పెట్టుకున్నాకే బహుమతులు పంచే కంపెనీ, క్లబ్ యజమాని కాకపోతే ఇంకెవరు?

షేర్ మార్కెట్ సంగతి చూడండి. త్రైమాసిక ఫలితాలు వచ్చే ముందు కంపెనీ లోపలివాళ్లు ఆ షేరు ముట్టుకోకూడదు. షేర్ మార్కెట్‌ను కాపలా కాసే సెబీ నిబంధనల ప్రకారం ఆ రోజుల్లో వాళ్లకు కొనుగోళ్లు, అమ్మకాలు మూసేస్తారు, పట్టుబడితే సెబీ జరిమానా వేస్తుంది. ఫాంటసీ ఆటలకు 2020 డిసెంబర్‌లో నీతి ఆయోగ్ ముసాయిదా రాసి, స్వీయ నియంత్రణ సంస్థ చూసుకుంటుందంది. 2023లో ఐటీ నిబంధనలు మార్చినప్పుడూ కేంద్రం అదే పాట పాడింది. ఒక్క సంస్థనూ గుర్తించలేదు. మరి కాపలా ఎవరు? అదే ఏడాది అక్టోబర్ నుంచి 28 శాతం జీఎస్టీ మాత్రం ఠంచనుగా వేశారు. ఎవరికి ముందే ఏం తెలుస్తోందని అడగని సర్కారు, వాళ్లు వేసే డబ్బులో తన వాటా ఎంతో మాత్రం మర్చిపోలేదు.

కొత్త చట్టం మీద కేసులు ఇప్పుడు సుప్రీంకోర్టులో ఉన్నాయి. రేపు తలుపు మళ్లీ తెరుచుకుంటే, నైపుణ్యమా కాదా అని ఇంకో పదేళ్లు కొట్టుకోకుండా ముందు అడగాల్సినవి ఉన్నాయి. లాక్ అయ్యాక అందరి ఎంపికల లెక్కా బయట పెడతారా? కంపెనీ ఉద్యోగులు, జట్ల సిబ్బంది, వాళ్ల కుటుంబాలు ఆడితే జైలుంటుందా? ఒక మనిషికి ఒక పోటీలో ఒకే టీమ్ అంటారా? ఈ మూడూ ఒప్పుకుంటే కంపెనీలకు వ్యాపారం ఎంత మిగులుతుందో నాకు అనుమానమే.

అయినా మన జిల్లాల వాళ్లకు ఈ ఆట ఫోన్‌లోకి వచ్చాకే తెలిసిందా? ముందు తెలిసినవాడు కొనడం, ఆఖరున తెలిసినవాడు అమ్ముకోవడం ఇక్కడ భూమి మీద ఎప్పటినుంచో నడుస్తోంది. హైదరాబాద్ చుట్టూ వేయబోయే రీజినల్ రింగ్ రోడ్డు దక్షిణ భాగమే చూడండి. చౌటుప్పల్ నుంచి ఆమనగల్లు, షాద్‌నగర్ వైపు వెళ్లే ఆ రోడ్డు కోసం 2025లో సర్వే నంబర్లు బయట పడగానే రైతులు రోడ్డెక్కారు. పెద్దల భూములు తప్పించడానికి గీత వంకర తిప్పారని ఆరోపించారు. గీత మ్యాప్ మీద పడేనాటికి దాన్ని చూసిన కళ్లు చాలానే ఉంటాయి: కన్సల్టెంట్లు, ఇంజినీర్లు, ఆఫీసర్లు, ఆ ఆఫీసర్ల దగ్గరికి వచ్చిపోయేవాళ్లు. ఇంటర్‌చేంజ్ ఎక్కడొస్తుందో ముందు తెలిసినవాడు ఎకరాకు బయానా ఇచ్చి పక్కకు జరుగుతాడు. రెండేళ్లకు అక్కడ వెంచర్ బోర్డు లేస్తుంది. ముంబైలో కూలి చేసుకుంటున్న పాలమూరు రైతుకు తన పొలం పక్కన రోడ్డొస్తోందని తెలిసేసరికి ఆ పొలం ఇంకొకరి పేరు మీద ఉంటుంది. అతను అమ్మిన ధరను ‘మార్కెట్ రేటు’ అంటారు. కొన్నవాడిని తెలివైనవాడు అంటారు. నైపుణ్యం!

షేర్ల మీద ముందు తెలుసుకుని కొంటే సెబీ పట్టుకుంటుంది. భూమి మీద అదే పని చేస్తే పట్టుకునే సెబీ లేదు. అడగడానికి చట్టమేమీ కొత్తగా రాయక్కర్లేదు. రికార్డులన్నీ ఇప్పుడు ధరణి పోయి భూభారతి కింద కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ఏ రోడ్డుకైనా, ఏ ఫ్యాక్టరీ ప్రాంతానికైనా నోటిఫికేషన్ వచ్చిన రోజున, ఆ సర్వే నంబర్లలో, వాటి చుట్టుపక్కల ఐదు కిలోమీటర్లలో అంతకుముందు మూడేళ్లలో జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ కొన్నవాళ్ల పేర్లతో సహా వెబ్‌సైట్‌లో పెట్టాలి. రింగ్ రోడ్డు దక్షిణ భాగంతోనే మొదలుపెట్టాలి. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎమ్మెల్యేల్లో ఒక్కరైనా ఈ ప్రశ్న అసెంబ్లీలో లేవనెత్తుతారేమో చూద్దాం.