ఆ నల్ల పట్టీల జోలికి పోకండి

వైజాగ్‌లో ఏ చుట్టాలింటికెళ్లినా ఇదే గోల. సినిమా మొదలవగానే ఎవరో ఒకరు రిమోట్ అందుకుని, ‘పైనా కిందా ఆ నల్ల పట్టీలేంటి’ అంటూ జూమ్ నొక్కేస్తారు. మొన్న ఎంవీపీ కాలనీలో మా పిన్ని వాళ్లింట్లోనూ అంతే. తెర రెండుగా చీలి, ఎడమ పక్క అమ్మాయి, కుడి పక్క అబ్బాయి ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. జూమ్ దెబ్బకి ఆ అమ్మాయి ముఖం సగం, అబ్బాయి చేతిలో ఫోను ఎగిరిపోయాయి. కింద సబ్‌టైటిల్ రెండో లైను మాయం. ఒళ్లు మండిపోయింది.

ఆ పట్టీలు టీవీ లోపం కాదండీ, దర్శకుడు ఏరికోరి పెట్టుకున్న చట్రం. ‘ది గ్రాండ్ బుడాపెస్ట్ హోటల్’ (2014)లో 1930ల కథ పాతకాలపు సినిమాల్లా ఇరుకైన 1.37 నిష్పత్తిలో (అంటే ఎత్తుకి 1.37 రెట్లు వెడల్పు), 1960ల కథ బాగా వెడల్పుగా నడుస్తాయి. తెర ఆకారం చూసే ఏ కాలంలో ఉన్నామో తెలిసిపోతుంది. అదే ఏడాది వచ్చిన తల్లీకొడుకుల కథ ‘మమ్మీ’లో అయితే, అటూ ఇటూ నల్ల పట్టీల మధ్య ఊపిరాడని చతురస్రపు ఫ్రేమ్‌ని కుర్రాడు రెండు చేతులతో పక్కలకి తోసేస్తాడు. ఎంత గొప్ప క్షణం అది! అప్పటికే జూమ్ చేసేసిన టీవీలో, పాపం, తోయడానికి అతనికి ఏం మిగిలింది?