సిస్టోస్కోపీకి బదులు మూత్ర పరీక్ష చాలుతుందా?

మూత్రాశయ క్యాన్సర్ తిరగబెట్టిందేమో కనిపెట్టడానికి సిస్టోస్కోపీలు (మూత్ర మార్గం గుండా సన్నని కెమెరా గొట్టం వేసి మూత్రాశయాన్ని లోపల చూసే పరీక్షలు) తగ్గించి మూత్ర పరీక్షలను నమ్ముకోవచ్చా అన్న ప్రశ్నపై హైదరాబాదులో ఇద్దరు వైద్యుల మధ్య సాగిన వాదం ఇది.

పాథాలజిస్టు: డాక్టరు గారూ, ఈ క్యాన్సర్ బయటపడినవారిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి అది కండర పొరను చేరని దశలోనే ఉంటుంది, కానీ మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది. ముప్పు ఎక్కువున్న రోగికి మొదటి 2 సంవత్సరాలు 3 నెలలకోసారి, ఆపై 5వ సంవత్సరం దాకా 6 నెలలకోసారి గొట్టం వేయాలంటారు. ఆదిలాబాదు నుంచి బస్సెక్కి వచ్చే పెద్దాయన మంటకు భయపడి మధ్యలో మానేస్తే, మీ పరీక్ష ఎంత ఖచ్చితమైనదైతే మాత్రం ఏం లాభం?

యూరాలజిస్టు: మానేసేవారున్నారు, కాదనను. అయితే మూత్రంలోని కణాలను మైక్రోస్కోపులో చూసే సైటాలజీ తీవ్ర రకం క్యాన్సర్ కణాలను బాగానే పడుతుంది గాని, నెమ్మది రకం కణాలు మామూలు కణాలను పోలి ఉండడంతో వాటిలో చాలా భాగాన్ని వదిలేస్తుంది. ఎన్‌ఎమ్‌పీ22 వంటి ప్రోటీన్ పరీక్షలేమో రాయి ఉన్నా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా పాజిటివ్ చూపగలవు. మన ఎండాకాలపు ఓపీలో రాళ్లకు కొదవా?

పాథాలజిస్టు: అవి పాత పరీక్షలు. డీఎన్‌ఏపై 15 మిథైల్ గుర్తులను (క్యాన్సర్‌లో మారే రసాయన గుర్తులను) మూత్రంలో చూసే బ్లాడర్ ఎపిచెక్‌కు 2023లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ఇలాంటివి నెగటివ్ అన్నప్పుడు తీవ్ర రకం లేదని చాలావరకు నమ్మవచ్చు.

యూరాలజిస్టు: ఆ అనుమతి సిస్టోస్కోపీతో పాటు వాడడానికే గాని, దానికి బదులుగా కాదండీ. పైగా మీ రిపోర్టు పాజిటివ్ అని, నా కంటికి మూత్రాశయం శుభ్రంగా కనిపిస్తే రోగికి ఏం చెప్పాలి?

పాథాలజిస్టు: మూత్రపిండాలనూ, వాటి నాళాలనూ చూపే సీటీ యూరోగ్రఫీ స్కాన్ రాయండి. మూత్రపిండం నుంచి దిగే నాళాల్లోకి మీ గొట్టం చేరదు, అక్కడి కణాలు మాత్రం మూత్రంలోకి వస్తాయి. పైపొరలోనే చదునుగా పాకే తీవ్ర రకం క్యాన్సర్, కార్సినోమా ఇన్ సిటూ, మామూలు వెలుగులో మీ కంటినీ తప్పించుకోగలదు.

యూరాలజిస్టు: ఆ మాట ఒప్పుకుంటాను. ముప్పు తక్కువున్నవారికి 3వ నెలలో, 12వ నెలలో గొట్టం వేసి చూశాక, ఏటా చేసేవాటిలో కొన్నింటి స్థానంలో మీ పరీక్ష పెట్టినా నాకు అభ్యంతరం లేదు. ముప్పు ఎక్కువున్నందుకు మూత్రాశయంలోకి బీసీజీ మందు ఎక్కించుకున్నవారిని మాత్రం అందులో కలపకండి.

పాథాలజిస్టు: గొట్టం బాధ ఎక్కువగా పడేది వాళ్లే కదండీ! ఒకసారి గొట్టం, ఒకసారి మూత్రం, మార్చి మార్చి చేయలేమా?

యూరాలజిస్టు: అప్పుడు రెండు గొట్టాల నడుమ 6 నెలలవుతాయి. మీరే ‘చాలావరకు’ అన్నారు. ఆ మిగిలిన కొద్దిమందిలో కణితి కండరంలోకి దిగితే మూత్రాశయాన్నే తీసేయాల్సి రావచ్చు, ఆ రిపోర్టు మీద సంతకం ఎవరు పెడతారు?