పోయింది కాదు, పంపాం

మూసీకి వరద రాగానే క్రస్ట్ గేట్లు ఎత్తుతారు. కత్వల (నీటికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) వెంట ఏడాదంతా పేరుకున్న కవర్లు, సీసాలు, థర్మకోల్ ముక్కలు ఒక్క రాత్రిలో మాయమవుతాయి. ఒడ్డున ఉన్నవాళ్లదీ, ఆఫీసుల్లో ఉన్నవాళ్లదీ ఒకటే మాట: కొట్టుకుపోయింది, పీడ పోయింది. పోలేదు. వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసింది. పంపింది మనమే.

పట్నం, అంటే హైదరాబాద్, తన మురికిని మూసీలో మన మీదికి వదులుతోందని నల్లగొండ దశాబ్దాలుగా మొత్తుకుంటోంది. న్యాయమైన గోడు. మేమూ అదే రాస్తూ వచ్చాం. మరి హైదరాబాద్ మనకు చేసిందే మనం కృష్ణ చివరన ఉన్న దివిసీమకు చేస్తుంటే ఈ నోరు ఎందుకు పెగలదు?

మధ్యలో పులిచింతల, ప్రకాశం బ్యారేజీ ఉన్నాయి, అక్కడే ఆగుతుందనేవారున్నారు. గేటు కాస్త ఎత్తితే నీళ్లు దాని అడుగు నుంచి దూకుతాయి, తేలే చెత్త గేటుకు ఆనుకుని నిలుస్తుంది. పెద్ద వరదకు గేట్లు పూర్తిగా లేపారంటే ఆగిందంతా ఒక్కసారే దాటిపోతుంది. జలాశయం చెత్తను ఆపడం లేదు, దాచిపెట్టి గంపగుత్తగా సముద్రానికి అప్పజెబుతోంది.

కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దాటాక ఏమవుతుందో మన జిల్లాలో ఎవరికీ పట్టదు. క్యారీ బ్యాగు పాలిథిన్ నీటికన్నా తేలిక. సీసా ప్లాస్టిక్ బరువే, కానీ మూత బిగించి ఉంటే లోపలి గాలితో అదీ తేలుతుంది. పసిఫిక్‌లోలాగా బంగాళాఖాతంలో చెత్త ఒకచోట తెట్టు కట్టి నిలవదు. తూర్పు తీరం వెంట ప్రవాహం ఏడాదిలో దిక్కు మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, ఒడిశా వైపు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణానికి, తమిళనాడు, శ్రీలంక వైపు. మన వానకాలం వరదతో వెళ్లిన చెత్త దీపావళి నాటికి దక్షిణం దారి పడుతుంది. కొంత నాచు, గుల్లలు పట్టి బరువెక్కి అడుగుకు దిగుతుంది. మిగిలింది ఎండకు పెళుసెక్కి 5 మిల్లీమీటర్ల కన్నా చిన్న ముక్కలవుతుంది. ఇక ఏ వలకూ చిక్కదు.

2010లో సముద్రంలోకి 48 లక్షల నుంచి 1.27 కోట్ల టన్నుల ప్లాస్టిక్ చేరిందన్న అంచనా అందరూ వల్లిస్తారు. అది తీరానికి 50 కిలోమీటర్ల లోపు బతికే జనం లెక్క. నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ అందులో లేవు. లెక్కలో లేకపోతే తప్పులో లేనట్టా?

2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్ట్రాలు నిషేధం. ఆ ఏడాది చివరి నుంచి 120 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) లోపు మందం ఉన్న క్యారీ బ్యాగులు కూడా. తోపుడు బండి మీది కవర్లు లాక్కుని ఫొటో దిగడమేనా అమలు? మందం 100 మైక్రాన్లు దాటిన ఫ్లెక్సీ ఆ నిషేధం కిందికే రాదు. నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ చినిగి నాలాలో పడితే అడిగేవాడు లేడు. పాత సామాన్లవాళ్లు సీసా కొంటారు, తడిసిన కవరు, గుట్కా పొట్లం కొనరు. కాలువలో మిగిలేవి అవే.

ఆపాల్సింది నాలా మూసీలో కలిసేలోపే. అడ్డంగా జాలీ కడితే చెత్త నిండి, నీళ్లు ఎగదన్ని తెగిపోతుంది. తేలే కంచెను ప్రవాహానికి ఏటవాలుగా కట్టి చెత్తను ఒడ్డుకు మళ్లించాలి. ఏ రోజుది ఆ రోజు ఎత్తాలి. నీటి మధ్యలో కొట్టుకొచ్చే పలచని కవర్లు ఆ కంచె కింది నుంచి జారిపోతాయి కాబట్టి కాలువల పూడిక, కత్వల ఒడ్లు మే నెలలోపే శుభ్రం కావాలి. తీసిన పూడికను గట్టు మీదే కుప్పపోసి బిల్లు పెట్టుకోవడం పని చేసినట్టు కాదు. మొదటి వానకే అది మళ్లీ కాలువలో ఉంటుంది. మన మున్సిపాలిటీలకు ఈ ఎండకాలం ఇదీ చేతకాకపోతే, పట్నాన్ని తిట్టే మాట నల్లగొండ నోట ఇక రాకూడదు.